దారం రెక్క చేప

అన్నయ్యా,

నువ్వు చూశానన్న చేప నిజమే. వీపు మీద తెల్లటి దారంలాంటి రెక్కతో, మన విశాఖ రాళ్ల దగ్గరే కనిపించిందని ఈ ఉదయం పేపర్లో ఫోటో వేశారు. పగడపు దిబ్బల్లో ఉండే ఆ చేప ఈ తీరంలో కనబడడం ఇదే మొదటిసారట.

ఆఫీసుకి వెళ్లలేకపోయాను. పంజగుట్టలో బస్సు దిగి, అమీర్‌పేట అక్వేరియం షాపుకి నడిచాను. అక్కడ అలాంటిదే ఒకటుంది. అద్దం ముందు నిలబడగానే వచ్చి నా ముఖానికి ఎదురుగా ఆగింది. నేను పక్కకి జరిగితే అదీ జరిగింది.

“గది గంతే అక్కా, ఎవలొచ్చినా గట్లనే చూస్తది” అన్నాడు షాపతను.

నువ్వు ఫోన్ చేసి చెప్పిన రోజు నాకు ఈ షాపే గుర్తొచ్చి నవ్వాను. “ఎవరో పెంచుకున్నది తెచ్చి వదిలేసుంటారు. ఫోటో లేకుండా ఎవరు నమ్ముతారు?” అన్నాను. మర్నాడు జాలర్లు వద్దంటున్నా కెమెరాతో నీళ్లలోకి దిగావు. మళ్లీ పైకి రాలేదు.

ఆ మాట అన్నది నేనేనని అమ్మకి ఇప్పటికీ తెలీదు. సాయంత్రం పేపరు చూపించి, నువ్వు దిగింది దీనికోసమేనన్నాను. అమ్మ కళ్లజోడు సరిచేసుకుని చాలాసేపు చూసింది.

“చూశానని చెప్తే సరిపోయేదిగా. ఫోటో ఎవరడిగారే వాణ్ని?” అంది.