గుట్ట మీద చర్చికి దారి

చాండ్లర్, అరిజోనా
6 ఫిబ్రవరి 2011, ఆదివారం

ప్రియమైన గిరిజా,

ఏలూరు కాన్వెంటు వదిలి ఇన్నేళ్ళయినా ఆదివారం మధ్యాహ్నమయ్యేసరికి నా చెయ్యి కలం కోసం వెతుకుతుంది. సిస్టర్ బెర్నడెట్ ఉత్తరాల గంట కొట్టకపోయినా సరే. ఫోన్ చేయొచ్చు కదే అని నువ్వంటావు. ఫోన్‌లో నాకు మాట రాదని నీకు తెలుసు.

ఒక వార్త. మార్చి పదమూడున గాల్వెస్టన్‌లో వారం రోజుల విహార ఓడ ఎక్కుతున్నాను. రెండేళ్ళ క్రితం నువ్వు వెళ్ళిన దారే. ఉదయ్‌కి సెలవు దొరకలేదు. వాళ్ళ చిప్‌ల ఫ్యాక్టరీలో ఏదో కొత్త లైను మొదలవుతోందట. టికెట్లు వెనక్కి తీసుకోరు. "అమ్మతో వెళ్ళు, షీ లవ్స్ షిప్స్" అన్నాడు. అందుకని నేనూ, అత్తయ్యా.

సరోజ అత్తయ్య ఒహాయోలో ముప్ఫై ఐదేళ్ళు మత్తు డాక్టరుగా పనిచేసి, రిటైరై మా దగ్గరే ఉంటున్నారు. ఎవరితోనైనా ఇట్టే మాట కలుపుతారు. నేను ఈ ఇంటికొచ్చి ఏడాదిన్నరైనా ఆవిడ ముందు రెండు వాక్యాలు వరసగా మాట్లాడలేను. మొన్న ఎవరితోనో ఫోన్‌లో అంటుంటే విన్నాను: "మంచి పిల్లే. ఇంట్లో ఉందో లేదో వెళ్ళి చూసుకోవాలి, అంతే."

ఓడవాళ్ళు నడిపే టూర్లు ఆవిడకి పడవు. "చొక్కాకి స్టిక్కర్ అంటించుకుని బస్సులో కూర్చోడానికా నేనొచ్చేది? మనమే దిగి తిరుగుదాం" అన్నారు. అప్పుడు ధైర్యం చేసి నీ ఉత్తరాలు బయటికి తీశాను. హోండురాస్‌లో రోవటాన్ దీవి గురించి నువ్వు రాసింది చదివి వినిపించాను. రేవు బయట నీలం వ్యాను, తూర్పు చివర గుట్ట మీద తెల్ల చర్చి, మెట్ల మీద కూర్చుంటే రెండువైపులా సముద్రం, మెట్ల కింద కొబ్బరి అన్నం వండిపెట్టే ముసలమ్మ, మూడింటికి తిరుగు వ్యాను. మీ ఆయన తోడు లేకుండా ఇదంతా నువ్వు ఒక్కదానివే చూసొచ్చావని చెబితే అత్తయ్య కళ్ళజోడు తీసి, "ఒక్కతేనా? గట్టి పిల్లే" అన్నారు. ఆ మాట నా గురించి ఎప్పుడూ అనలేదు.

వ్యాను ఇప్పటికీ మూడింటికేనా? వెంటనే రాయి.

నీ విద్య


బాతెల్, వాషింగ్టన్
14 ఫిబ్రవరి

ప్రియమైన విద్యా,

నీ ఉత్తరం చూసి సంతోషించాను. మీ అత్తగారితో కలిసి వెళ్ళడం మంచిదే.

కానీ నా మాట విను. రోవటాన్‌లో మాత్రం ఓడవాళ్ళ టూరే తీసుకో. ఆవిడకి షుగరుందనీ, మోకాళ్ళ నొప్పులనీ నువ్వే ఒకసారి రాశావు. గుట్ట ఎక్కడం ఆవిడ వల్ల కాదు. వ్యాను టైము నాకు సరిగా గుర్తులేదు. ఈ రెండేళ్ళలో అన్నీ మారిపోయి ఉంటాయి. రేవు పక్కనే బీచ్ ఉంటుందట. గొడుగు కింద కూర్చుని పుస్తకం చదువుకో. నీకు ఇష్టమైన పని అదే కదా.

ఇక్కడ వాన. నిశాంత్ ఈ నెల కూడా ట్రావెల్‌లోనే ఉన్నాడు. నేను లైబ్రరీలో పుస్తకాలు సర్దడానికి వారానికి మూడు రోజులు వెళ్తున్నాను.

జాగ్రత్తగా ఉండు.

గిరిజ


చాండ్లర్
20 ఫిబ్రవరి, ఆదివారం

ప్రియమైన గిరిజా,

నీ ఉత్తరం మూడు రోజులు బల్ల మీదే ఉంచాను. కోపం తగ్గాక రాద్దామని.

గొడుగు కింద పుస్తకం చదువుకోమన్నావు. నన్ను గురించి అందరూ అనేది అదే. నువ్వు అంటావని అనుకోలేదు. హాస్టల్ గోడ దూకి సినిమాకి వెళ్దామని నన్ను లాక్కెళ్ళింది నువ్వే. గోడ ఎక్కి నేను ఏడుస్తుంటే, "కిందికి చూడకే, నన్ను చూడు" అన్నదీ నువ్వే.

నువ్వు ఒక్కదానివే వెళ్ళొచ్చిన చోటికి నేను ఇంకో మనిషిని వెంటబెట్టుకుని వెళ్ళలేనా? అత్తయ్యకి నీ సలహా చెప్పాను. "మీ ఫ్రెండ్ నన్ను ముసలమ్మని చేసేసిందే! మోకాలు నాది, నేను చూసుకుంటా. చర్చికే వెళ్తున్నాం, ఫైనల్" అన్నారు. అని, రోవటాన్ గురించి నువ్వు రాసిన పాత ఉత్తరం మళ్ళీ చదవమన్నారు. చదివాను. ఏడాదిన్నరలో మేమిద్దరం కలిసి కూర్చుని అంతసేపు మాట్లాడుకోవడం అదే మొదటిసారి.

మార్చి పదిన బయల్దేరి హ్యూస్టన్‌లో ఉదయ్ మేనత్త ఇంటికి వెళ్తాం. అక్కణ్ణుంచి గాల్వెస్టన్. పదహారో తేదీ, బుధవారం, రోవటాన్.

ఆ పాత ఉత్తరం సంచిలో పెట్టుకున్నాను.

విద్య


బాతెల్
8 మార్చి

విద్యా,

ఆ చర్చికి వెళ్ళొద్దు. కారణం అడగకు. వచ్చాక చెబుతాను. ఓడ కోజుమెల్‌లోనూ ఆగుతుంది, అక్కడ తిరగండి, ఇంకెక్కడైనా తిరగండి. రోవటాన్‌లో తూర్పువైపుకి మాత్రం పోవద్దు.

నన్ను నమ్ము అని రాయబోయి ఆగాను.

గిరిజ


రోవటాన్, గుట్ట మీద
16 మార్చి, బుధవారం, మధ్యాహ్నం రెండూ పది

ప్రియమైన గిరిజా,

చర్చి మెట్ల మీద కూర్చుని రాస్తున్నాను. రాస్తే ఏం చేయాలో తోస్తుందేమోనని.

నీలం వ్యాను కనబడలేదు. అత్తయ్య టాక్సీ మాట్లాడారు. గుట్ట మీద దిగాక, "తిరుగు వ్యాను ఉందిలే, నువ్వెళ్ళు" అని డ్రైవర్‌ని పంపేశారు. అతను వ్యాను లేదన్నట్టు చెయ్యి అడ్డంగా ఊపాడు. నేను నీ ఉత్తరం తీసి, ఉంది, ఉంది అన్నాను. ఓడ దిగాక నేను బయటివాళ్ళతో మాట్లాడిన మొదటి మాట అదే.

చర్చి ఉంది. తలుపుకి తాళం, తాళానికి తుప్పు. సముద్రం ఒకవైపే కనబడుతోంది. రెండోవైపు అడవి. రెండేళ్ళలో చెట్లు పెరిగాయేమో అనుకున్నాను. ముసలమ్మ లేదు. పొయ్యి రాళ్ళు కూడా లేవు.

భయమంతా తిండి గురించే. టాక్సీలోనే అత్తయ్య ఇన్సులిన్ వేసుకున్నారు. "దిగగానే తింటాంగా, అక్కడ దుమ్ములో ఎందుకు సూది" అన్నారు. అప్పుడు ఒంటిగంట. తినడానికి ఏమీ లేదు. సంచిలో నాలుగు చాక్లెట్లుంటే ఇచ్చేశాను. పొద్దున అత్తయ్య రెండు అరటిపండ్లు సంచిలో వేసుకున్నారు. ఓడలో తిండి బయటికి తేకూడదని బోర్డు ఉంది కదా అని వాటిని నేనే తీసి గదిలో పెట్టేశాను. ఆవిడకి చెప్పలేదు.

ఫోన్‌కి సిగ్నల్ లేదు. పాస్‌పోర్టులు ఓడలో ఉన్నాయి. నాలుగున్నరకల్లా మేం ఓడలో ఉండాలి. ఐదింటికి అది కదులుతుంది. వచ్చేటప్పుడు టాక్సీకి గంట పట్టింది.

రెండూ ఇరవై. ఒక్క బండీ రాలేదు. అత్తయ్య గోడకి ఆనుకుని కళ్ళు మూసుకున్నారు. పిలిస్తే, "నిద్ర కాదమ్మాయ్, పల్స్ చూసుకుంటున్నా" అన్నారు. నుదురంతా చెమట. చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది.

మూడు దాకా ఆగనా? ఆవిణ్ణి ఒక్కదాన్నీ వదిలి కిందికి వెళ్ళనా? వచ్చేటప్పుడు మలుపు దగ్గర ఒక రేకుల ఇల్లు కనబడింది. తలుపు కొట్టి ఏమని అడగాలి?

రెండూ ఇరవై ఆరు. ఇప్పుడే అత్తయ్య నన్ను "సుశీలా" అని పిలిచారు. సుశీల ఎవరో నాకు తెలీదు.

గిరిజా, వ్యాను నిజంగా వస్తుందా?


బాతెల్
16 మార్చి, బుధవారం

విద్యా,

ఈరోజు మీరు రోవటాన్‌లో దిగే రోజు. పొద్దుట్నుంచి గడియారం చూస్తున్నాను. ఇది నీకు ఇప్పుడు అందదని తెలిసే రాస్తున్నాను. అందేటట్టయితే రాయలేకపోయేదాన్ని.

నేను రోవటాన్‌లో దిగలేదు. కోజుమెల్‌లో దిగలేదు. బెలీజ్‌లోనూ దిగలేదు.

అప్పటికి నా వీసా స్టాంపు గడువు అయిపోయింది. చేతిలో ఉన్న కాగితాలతో తిరిగి రావచ్చని నిశాంత్ ఆఫీసు లాయరు చెప్పాడు. నాకు నమ్మకం కుదరలేదు. ఇంటర్నెట్‌లో మనవాళ్ళెవరో రాశారు, పరాయి నేల మీద కాలు పెడితేనే దేశం దాటినట్టనీ, ఓడలో ఉన్నంతసేపూ అమెరికాలో ఉన్నట్టేననీ. అది పట్టుకుని గదిలో కూర్చున్నాను. మొదటి రోజు నిశాంత్ బతిమాలాడు. రెండో రోజు "నీ ఇష్టం" అన్నాడు. మూడో రోజు అడగకుండానే స్నేహితులతో వెళ్ళిపోయాడు. తిరిగొచ్చాక ఇమిగ్రేషన్ ఆఫీసరు ఏమేం చూశావని అడిగితే, ఎక్కడా దిగలేదు సార్ అన్నాను, అదేదో గొప్పలా. "ఓడ రేవు దాటినప్పుడే దేశం దాటావు కదమ్మా" అని స్టాంపు కొట్టాడు. వెనక వరసలో ఎవరో నవ్వారు. నిశాంత్ కూడా నవ్వాడు.

ఆ వారమే నీ ఉత్తరం వచ్చింది, అన్నీ చెప్పవే అని. హాస్టల్లో సిస్టర్ల మొహం మీదే వాదించిన గిరిజ మూడు రోజులు గదిలో దాక్కుందని నీకెలా రాయను? లైబ్రరీలో ఒక పాత యాత్రా పుస్తకం దొరికింది. వ్యాను, చర్చి, ముసలమ్మ అందులోవే. అది అచ్చయింది మనం పుట్టకముందు. తిరుగు వ్యాను టైము పుస్తకంలో లేదు. మూడు అని నేనే వేశాను.

శుక్రవారం మీ ఇంటికి ఫోన్ చేశాను. ఉదయ్ ఎత్తాడు. "వాళ్ళు హ్యూస్టన్‌లో ఉన్నారు గిరిజా. నంబర్ ఇస్తా, రాసుకుంటావా? ఈజ్ ఎవ్రీథింగ్ ఓకే?" అన్నాడు. "వద్దులే, ఊరికే చేశాను" అన్నాను.

ఆ తర్వాత చాలాసేపు ఫోన్ దగ్గరే నిలబడ్డాను. మళ్ళీ చేయలేదు.

గిరిజ


చాండ్లర్
27 మార్చి, ఆదివారం

గిరిజకి,

ఇంటికొచ్చేసరికి నీ రెండు ఉత్తరాలూ బల్ల మీద ఉన్నాయి. గుట్ట మీద నేను రాసినది దీనితో పాటు పంపుతున్నాను. దాంట్లో సంతకం లేదు.

వ్యాను కోసం ఆగలేదు. అత్తయ్య రెండోసారి "సుశీలా" అన్నప్పుడు లేచి పరిగెత్తాను. దారిలో చెప్పు తెగితే వదిలేశాను. తలుపు కొట్టి ఏమని అడగాలా అని నీకు రాశాను కదా, కొట్టలేదు. ముంగిట్లో నిలబడి అరిచాను. బట్టలు ఉతుకుతున్న ఆవిడ పరిగెత్తుకుంటూ వచ్చింది. పేరు యులాలీ. ఇంగ్లీషు బాగా మాట్లాడుతుంది. నేను మాత్రం తెలుగులో అరిచానట. అదేం భాష అని తర్వాత ఆవిడే అడిగింది.

సీసాడు నీళ్ళలో పంచదార కలుపుకుని, ఆవిడ మరిది చేపల బండిలో పైకి వెళ్ళాం. అత్తయ్య గోడకి ఒరిగి ఉన్నారు. కళ్ళు తెరిచే ఉన్నాయి కానీ చూపు నా మీద లేదు. గుక్క గుక్కగా తాగించాను. మింగారు. మింగకపోతే ఏం చేయాలో నాకు తెలీదు. యులాలీ వంటింట్లోకి తెచ్చి కూర్చోబెట్టేసరికి మూడు దాటింది. మూడున్నరకి అత్తయ్య నన్ను చూసి, "కాళ్ళకి చెప్పులేవీ?" అన్నారు. అప్పుడు ఏడ్చాను.

వెంటనే గోడ గడియారం చూశారు. "లే, లే. ఓడ."

"అన్నం ఉడుకుతోంది అత్తయ్యా. తిన్నాక వెళ్దాం."

"దార్లో తింటా. పాస్‌పోర్ట్ లేకుండా ఈ దీవిలో ఏం చేస్తావ్? డోంట్ బీ సిల్లీ."

"పంచదార ఎంతోసేపు నిలవదని మీరే చెప్పారు. బండిలో మళ్ళీ పడిపోతే నేనేం చెయ్యను? మీరు తినేదాకా నేను కదలను."

"డాక్టరు నేనా, నువ్వా?"

"మీరే. ఇప్పుడు పేషెంటు కూడా మీరే. కూర్చోండి."

కూర్చున్నారు. ఆవిడ కన్నా నేనే ఎక్కువ ఆశ్చర్యపోయాను. అన్నం, ఎర్ర చిక్కుడుగింజలు. పళ్ళెం ఖాళీ అయ్యేదాకా ఎదురుగా కూర్చుని చూశాను. ఓడ అందదని నాకు తెలుసు. తెలిసే ఆపాను. అరటిపండ్ల సంగతి కూడా అప్పుడే చెప్పాను. "బోర్డు చదివి తీసేశావా? నువ్వు తప్ప ఆ బోర్డు చదివినవాళ్ళు ఓడ మొత్తంలో లేరు" అన్నారు.

తింటూ తింటూ ఇంకో మాట అన్నారు. "మీ గిరిజ ఇక్కడికి రాలేదు విద్యా."

"వచ్చింది అత్తయ్యా. దారి మారిపోయి ఉంటుంది."

"చూసొచ్చినవాళ్ళు అంత అందంగా రాయరే. వాళ్ళు దోమలున్నాయని రాస్తారు."

నేను నిన్ను వెనకేసుకొచ్చాను. గట్టిగానే వెనకేసుకొచ్చాను.

ఆ చేపల బండిలోనే రేవు చేరేసరికి ఐదూ పది. ఓడ అప్పటికే కదిలింది. పైన డెక్ మీద జనం చేతులూపుతున్నారు. మాకే అనుకుని అత్తయ్య కూడా ఊపారు. రేవులో ఓడవాళ్ళ మనిషి మా పేర్లు రాసిన సంచి పట్టుకుని నిలబడి ఉన్నాడు. మేం రాలేదని గదిలోంచి పాస్‌పోర్టులూ మందులూ తీసి దింపేశారట. రెండు రాత్రులు అక్కడే ఒక చిన్న లాడ్జిలో ఉండి, శుక్రవారం విమానంలో హ్యూస్టన్ చేరాం. లాడ్జిలో అడిగాను, సుశీల ఎవరని. అత్తయ్య చెల్లెలట. కాకినాడలో ఉంటుంది. వారానికోసారి ఫోన్‌లో పోట్లాడుకుంటారట.

ఇంటికొచ్చిన రోజు అత్తయ్య ఉదయ్‌తో, "మీ ఆవిడ నన్ను గదమాయించిందిరా" అన్నారు. ఉదయ్ నమ్మలేదు.

ఇక నీ ఉత్తరం. నాలుగుసార్లు చదివాను. వీసా భయం అర్థమైంది. గదిలో కూర్చోవడం అర్థమైంది. నాకు అబద్ధం రాయడం కూడా, కష్టమైనా, అర్థమైంది. ఉదయ్ నంబర్ ఇస్తానంటే వద్దన్నావు. అది అర్థం కాలేదు. ఆవిడ చెయ్యి చల్లగా ఎలా ఉందో నీకు తెలీదు. నాకు ఇంకా తెలుస్తూనే ఉంది. పోనీలే అని రాయలేను. మనసులో లేనిది నీకు రాయదలచుకోలేదు.

అయినా ఒకటి అడగాలి. నిన్న నీ పాత ఉత్తరాలు మళ్ళీ తీశాను. ఒక్క పేజీ దాటలేకపోయాను. ఆ మూడు రోజులూ నువ్వు ఎక్కడున్నావో ఇప్పుడు తెలుసు కనక.

ఆ గదికి కిటికీ ఉందా? మధ్యాహ్నాలు ఏం తిన్నావు? అందరూ దిగిపోయాక ఓడలో ఏమేం వినబడతాయి? సాయంత్రం నిశాంత్ వచ్చి తలుపు కొట్టినప్పుడు ఏమన్నాడు, నువ్వేమన్నావు?

అది రాయి. ఎన్ని పేజీలైనా సరే.

విద్య