పాస్‌వర్డు నువ్వే కొట్టు

ప్రసన్నా,

అన్నం వార్చేశాను, పులుసు వేడి చేసుకో. నేను కాట్రేనికోన మీటింగుకి పోతున్నాను. తినగానే అమలాపురం నెట్ సెంటరుకెళ్లి మన మెయిల్ పాస్‌వర్డు మార్చెయ్. నిన్న సెంటరు కనకరాజు గారు "మీకెందుకండీ శ్రమ, చెప్పండి, నేను కొట్టేస్తాను" అన్నారు. మర్యాదకి పోయి, పక్కన కూర్చున్న కానిస్టేబులు వినేలా పైకే చెప్పేశాను. రొయ్యల చెరువులు వద్దని అర్జీ పెట్టినవాళ్ల పేర్లన్నీ ఆ మెయిల్లోనే ఉన్నాయి.

గుర్తింపు కార్డు అడిగితే చూపించు, అది రూలట. పాస్‌వర్డు మాత్రం నువ్వే కొట్టు. ఆయన నొచ్చుకుంటే నొచ్చుకోనీ.

ఒకటి కనుక్కుని రా. మెయిల్లో మనం చెరిపేసిన ఉత్తరం నిజంగా పోతుందా, ఎక్కడో ఎవరైనా దాచుకుంటారా? నిన్నట్నించీ అదే తొలుస్తోంది.

వదిన

కొత్త పాస్‌వర్డు నాక్కూడా చెప్పకు. ఎవరైనా మర్యాదగా అడిగితే నా నోరు ఆగదు.