లేని పుస్తకం, నూట పన్నెండో పేజీ

తేదీ: 14, గురువారం
టైపింగ్, బైండింగ్ అంగడి,
కాలేజీ వెనక గేటు ఎదురుగా

చిరంజీవి సౌభాగ్యవతి మా బుల్లి మేడమ్‌కు,

మామయ్య ఆశీస్సులు. ఇక్కడ నేనూ, మీ అత్తయ్యా, ప్రింటరూ ముగ్గురం క్షేమం. ముగ్గురిలో కాస్త గట్టిగా ఉన్నది మీ అత్తయ్యే. అక్కడ నువ్వూ, అల్లుడుగారూ, పిల్లలూ కులాసా అని తలుస్తాను. నాలుగు వీధుల అవతల ఉన్న మేనకోడలికి ఉత్తరం రాయడమేమిటని నవ్వుకోకు. నిన్న ఫోన్ చేసి ఆ అమ్మాయి సంగతి ఎత్తగానే, కమిటీ విషయాలు బయట మాట్లాడకూడదు మామయ్యా అని పెట్టేశావు. సబబే. మాట్లాడకూడదన్నావు గానీ చదవకూడదనలేదు కదా, అందుకని రాస్తున్నాను.

ఆ అమ్మాయి మొన్న సాయంత్రం అంగడికి వచ్చింది. థీసిస్ బైండింగు నా దగ్గరే చేయించింది లే. కూర్చోమంటే కూర్చోలేదు. దుకాణాల్లో పనిచేసే ఆడవాళ్ళ మీద థీసిస్ రాస్తే, అందులో తను పేరు చెప్పిన ఒక పుస్తకం ఎక్కడా లేదని కమిటీ తేల్చిందట. తొమ్మిది లైబ్రరీలకు రాశారట, ఒక్కచోటా దొరకలేదట. లేని పుస్తకాన్ని పుట్టించావు గనక సోమవారం డిగ్రీ రద్దు చేస్తామన్నారట. వచ్చే నెల ఒక బడిలో ఉద్యోగంలో చేరాలి, డిగ్రీ కాగితం లేకపోతే అదీ పోతుంది. చెబుతున్నంతసేపూ ఏడవలేదు. ఏడుపంతా అయిపోయాక వచ్చినట్టుంది.

ఆ పుస్తకం ఎక్కడ చూశావమ్మా అని అడిగాను. లైబ్రరీలో ఉన్న పాత థీసిస్‌లో చూశానంది. పేరా నచ్చింది, దాని కింద పుస్తకం పేరు, పేజీ నంబరు ఉన్నాయి, అవే దించుకున్నానంది. కమిటీలో ఇదే చెబితే నువ్వు చాలా నెమ్మదిగా, చూడని పుస్తకాన్ని చూసినట్టు రాయడం కూడా దొంగతనమేనమ్మా అన్నావట. తర్వాత ఆ పేరా పైకి చదివి, మళ్ళీ మొదటి నుంచి చదివావట. చివరికి, వాక్యాలు బాగున్నాయి, కానీ నీవి కావు, మరి ఎవరివి అని అడిగావట.

జవాబు నా దగ్గర ఉంది తల్లీ. ఇరవై రెండేళ్ళుగా ఉంది.

ఆ పుస్తకాన్ని పుట్టించింది నేను.

చెప్పేశాను. కాస్త తేలికవుతుందనుకున్నాను, ఏమీ కాలేదు. ఇక జరిగింది జరిగినట్టు రాస్తాను.

అప్పట్లో మన కాలేజీలో ఒక పద్ధతి ఉండేది, నీకూ తెలుసు. లైబ్రరీలో కూర్చుని పుస్తకాల్లోంచి కావలసిన మాటలు చిన్న చీటీల మీద దించుకునేవారు. థీసిస్ చేతిరాత ప్రతి నాకు ఇచ్చేటప్పుడు ఏ చీటీ ఎక్కడ రావాలో ఆ పేజీకి గుండుసూదితో గుచ్చి ఇచ్చేవారు. చీటీ కింద పుస్తకం పేరు, రచయిత, పేజీ ఉంటాయి. నేను పేరా టైపు చేసి, కింద అంకె వేసి, అడుగున ఆ వివరాలు పెట్టేవాణ్ణి. గుండుసూది ఉందంటే అది పరాయి సొమ్మని నాకు లెక్క. వందల థీసిస్‌లు అలాగే చేశాను, ఎప్పుడూ పొరపాటు రాలేదు.

ఇరవై రెండేళ్ళ కిందట ఒక స్కాలరు ఇచ్చిన ప్రతిలో, ఆఖరి అధ్యాయంలో, ఒక చీటీ కింద ఏ వివరమూ లేదు. పేరా మాత్రం ఉంది. అదే పేరా, నువ్వు కమిటీలో పైకి చదివింది: ‘దుకాణంలో రోజంతా నిలబడే మనిషికి కాళ్ళ నొప్పి ఇంటికి వచ్చాకే మొదలవుతుంది. అక్కడ ఉన్నంతసేపూ నొప్పి పెట్టడానికి తీరిక దొరకదు. కొనడానికి వచ్చినవాళ్ళు కూర్చుని వెళ్ళే కుర్చీని ఆమె రోజూ తుడుస్తుంది.’

ఆ స్కాలరు ఆ వారం అందుబాటులో లేరు. మధ్యాహ్నం మూడింటికి ఆఫీసులో ప్రతులు ఇవ్వాలి. ఆ గైడు సంగతి తెలిసిందే, ఎక్కడిదో చెప్పని మాట ఒక్కటి కనిపించినా మొత్తం కట్ట వెనక్కి పంపేవాడు. ఏడాది వాయిదా పడుతుంది. దించుకునేటప్పుడు పుస్తకం పేరు రాసుకోవడం మరిచి ఉంటారనుకున్నాను. అడగడానికి మనిషి లేరు. గడియారం చూశాను. అంగడి గుమ్మంలోంచి ఎదురు వరస చూశాను. రంగుల దుకాణం బోర్డు మీద ఉన్న ఇంటిపేరు తీసుకున్నాను, పక్కనున్న దర్జీ బోర్డు మీది పొడి అక్షరాలు రెండు దాని ముందు తగిలించాను. రచయిత తయారయ్యాడు. ‘నగర శ్రమ: కొన్ని పరిశీలనలు’ అని పేరు పెట్టాను. రచయితే సొంతంగా అచ్చు వేయించుకున్నాడని రాశాను, ఏ ప్రచురణ సంస్థకూ ఎవరూ ఉత్తరం రాయకుండా. పేజీ నూట పన్నెండు. ఆ అంకె ఎందుకు వేశానో నాకే తెలియదు.

ఎవరికి నష్టం అనుకున్నాను. నిజంగానే అలా అనుకున్నాను.

మూడేళ్ళు గడిచాక ఇంకో కుర్రాడు తన చేతిరాత ప్రతి తెచ్చాడు. ఉపయుక్త గ్రంథ సూచిలో మన పుస్తకం ఉంది. ఇది చదివావా బాబూ అంటే, చాలా మంచి పుస్తకమండీ అన్నాడు. లైబ్రరీలో పాత థీసిస్ ముందు పెట్టుకుని, దాని సూచిని ఉన్నదున్నట్టు ఎత్తి రాసుకోవడం పిల్లలకు అలవాటే కదా. నేను నోరెత్తలేదు. ఎత్తితే మొదటి స్కాలరు డిగ్రీ పోతుంది. టైపు చేసి ఇచ్చాను. తర్వాత ఇంకొకరు, మరొకరు. ఒకడు దానికి రెండవ ముద్రణ కూడా వేశాడు. ఇంకొకావిడ రచయితను డాక్టరు గారిని చేసింది. ఒక వైవాలో పరీక్ష చేయడానికి వచ్చిన పెద్దమనిషి, ఆ పుస్తకం నేనూ చదివాను, మొదటి సగం బాగుంటుంది, తర్వాత పట్టు సడలింది అన్నాడట. ఆ సంగతి విని ఇంటికొచ్చి మీ అత్తయ్యకు చెప్పి కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాను. మీ అత్తయ్య నవ్వలేదు. ఏదో ఒకరోజు ఎవరో ఒకరు దీనికి బలవుతారండీ అంది. అప్పుడైనా విని ఉండాల్సింది.

నాకు తెలిసి, ఈ అమ్మాయిది కాక, ఆ పేరాతో సహా పదకొండు థీసిస్‌లలో ఉంది. పదకొండూ నా వేళ్ళ మీదుగానే వెళ్ళాయి. ప్రతిసారీ ఆపగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే, ప్రతిసారీ టైపు చేసిందీ నేనే.

అలసిపోయాను తల్లీ. ఈ పని మొదలుపెట్టినప్పుడు పిల్లలు కాపీ కొట్టాలన్నా చేత్తో రాసుకోవాల్సి వచ్చేది, రాస్తూ రాస్తూ కొంతైనా బుర్రకెక్కేది. ఇప్పుడు పోలికలు పట్టే యంత్రం వచ్చింది. ముప్పై నాలుగు శాతం చూపించిందండీ, పదికి దించండి అని వస్తారు, నేనేదో జ్వరం తగ్గించే డాక్టరునైనట్టు. ‘కాబట్టి’ తీసి ‘అందువల్ల’ పెట్టమంటారు. నేను చేయను అంటే పక్క సందులో చేసేవాళ్ళున్నారు. ఆ యంత్రం కూడా ఎత్తి రాసిన మాటను పట్టుకుంటుంది గానీ, లేని మనిషికి అంటగట్టిన మాటను పట్టుకోలేదు. నా తప్పు ఇన్నేళ్ళు అలాగే దాక్కుంది.

ఇక ఆ అమ్మాయి మాట. తన తప్పు లేదని నేను అనను. పాత థీసిస్‌లో చూసినప్పుడు, ఫలానా థీసిస్‌లో ఇలా ఉదహరించారు అని రాయాలి. పుస్తకం తన చేతుల్లోకి వచ్చినట్టు రాయకూడదు. నువ్వు క్లాసులో చెప్పేది ఇదేనట, ఏ గిన్నెలోంచి వడ్డించుకున్నావో ఆ గిన్నె పేరు చెప్పు అని. బాగా చెప్పావు. అది తప్పే, కానీ దిద్దుకోగల తప్పు. ఒక పేజీ మార్చి మళ్ళీ బైండు చేస్తే సరిపోతుంది. లేని పుస్తకాన్ని పుట్టించడం వేరే తప్పు. అది ఆ పిల్ల చేయలేదు. నేను చేసిన దానికి తన జీవితంలో ఒక ముక్క కోసి ఇవ్వడం న్యాయం కాదు.

అందుకని జరిగిందంతా విడిగా రాసి సంతకం పెట్టి ఈ ఉత్తరంతో జతచేస్తున్నాను. కమిటీ ముందు పెట్టు. సోమవారం పది గంటలకు నేనే వచ్చి గది బయట కూర్చుంటాను. పిలిస్తే చెబుతాను. మొదటి స్కాలరు పేరు మాత్రం అడగవద్దు. వారికి ఈ సంగతేమీ తెలియదు. బోర్డు తీసేయమంటే తీసేస్తాను, ఎలాగూ కళ్ళు సహకరించడం లేదు.

కోపం వస్తే రానీ. ఆ కోపంలో అన్నం మానకు. పిల్లలకు నా ముద్దులు.

ఇట్లు,
వేళ్ళూ మాటా రెండూ అరిగిపోయిన
నీ మామయ్య

తా.క.
శుక్రవారం ఉదయం. కవరు అంటించి కూడా మళ్ళీ చింపాను.

నా మాట ఒక్కటే ఉంటే కమిటీ నమ్మకపోవచ్చునని, ఆ పాత చీటీ కోసం పొద్దున్నే అటక మీది కట్టలు దించాను. చేతిరాత ప్రతులు నేను పారేయనని నీకు తెలుసు. చీటీ దొరికింది. ఇన్నేళ్ళలో దాన్ని వెనక్కి తిప్పి చూసింది ఈ రోజే.

వెనక వైపు ఆస్పత్రి వాళ్ళ మందుల చీటీ. మీ అమ్మ పేరు, మంచం నంబరు పదిహేడు. మందుల పేర్ల మధ్య ఖాళీల్లో పెన్నుతో ఆ మొదటి వాక్యం మూడుసార్లు రాసి, మూడుసార్లూ కొట్టేసి ఉంది. ఒకసారి నొప్పి అని, ఒకసారి పోటు అని, ఒకసారి సలుపు అని. పుస్తకం చూసి దించుకునేవాళ్ళు అలా రాయరమ్మా. మంచం పక్కన కూర్చుని సొంతంగా రాసి, ప్రతిలో చేర్చమని గుచ్చావు.

ఆ మొదటి థీసిస్ నీదే. పై పేజీల్లో మర్యాదగా ‘లేరు’, ‘మరిచి ఉంటారు’ అని రాసింది నీ గురించే. మీ అమ్మకు కాళ్ళ ఆపరేషను అయిన వారం అది. సంతకాల పేజీ మాత్రం, ఆఖరి అధ్యాయం టైపుకు రాకముందే, ఆస్పత్రికి పట్టుకొచ్చాను, నువ్వు చూడకుండానే సంతకం పెట్టావు. నువ్వెవరి మాటలో దించుకుని పేరు రాసుకోవడం మరిచావనుకున్నాను. నిన్న ఈ ఉత్తరం ముగించేటప్పుడు కూడా అలాగే అనుకున్నాను, నిన్ను కాపాడుతున్నాననే అనుకున్నాను. నువ్వు సొంతంగా అంత మాట రాయగలవని నాకు తోచలేదు. అంతకంటే సిగ్గుపడాల్సింది ఇంకొకటి ఉంది. బట్టల దుకాణంలో పంతొమ్మిదేళ్ళు నిలబడ్డది మా అక్క. సాయంత్రం వచ్చి గుమ్మంలోనే కూలబడి కాళ్ళు ఒత్తుకోవడం చిన్నప్పటి నుంచీ చూసినవాణ్ణి నేను. ఆ పేరా పదకొండుసార్లు టైపు చేశాను, అవి మా అక్క కాళ్ళని ఒక్కసారీ తట్టలేదు.

చీటీ జతచేశాను. ఇది లేకుండా ఆ అమ్మాయి బయటపడదు, ఇది ఉంటే కమిటీలో నీ కుర్చీ వదిలి నువ్వు లేవాలి. అయినా సోమవారం నీ పేరు నేను చెప్పేస్తాను. అందరి ముందూ వినేకంటే ముందే తెలిసి ఉండాలని రాస్తున్నాను. ఆ వాక్యాలు ఎవరివని అడిగావు కదా, నీవని చెబుతాను.

ఇంకొక్కటి మిగిలింది. నువ్వు పుస్తకమేదీ రాయలేదేమని నేను అడిగినప్పుడల్లా, నాకు ఒకరి తప్పులు పట్టడమే వచ్చు మామయ్యా, సొంతంగా రాయడం చేతకాదు అంటావు. అప్పట్లో అక్షర దోషాలు సరిచేయమని పరీక్షకుడు వెనక్కి పంపిన నీ థీసిస్ ప్రతి తిన్నగా నా అంగడికే వచ్చింది. ఆ పేరా పక్కన మార్జిన్‌లో పెన్సిలుతో, థీసిస్ మొత్తంలో ఇదొక్కటే రచన, పరిశోధకురాలు ఈ రచయితను చూసి రాయడం నేర్చుకోవాలి అని రాశాడు. నువ్వు చదివితే బాధపడతావని రబ్బరు పెట్టి చెరిపేసి బైండింగుకు పంపాను.