పెద్ద పీరు ఎవరెత్తాలి

పటాన్‌చెరు, 1973. శుక్రవారం రాత్రి.

నాకూ పక్కింటి మల్లయ్యకూ ఒకే ఏడాది పక్షవాతం వచ్చింది. నాకు ఎడమ పక్క, అతనికి కుడి పక్క. మా పోటీ సంగతి ఆ రోగానికీ తెలుసు కాబోలు. తూలకుండా నడవడం నేర్చుకోమని మా ఆవిడ వాకిట్లో ముగ్గుపిండితో పొడుగ్గా గీత గీస్తుంది. రోజూ ఇద్దరం దాని మీద నడుస్తాం. ఇవాళ మల్లయ్య ఒక్కసారీ తూలలేదు. నేను గోడ పట్టుకున్నాను.

"సూడుండ్రి, అన్న ఎంత మంచిగ నడుస్తుండో!" అంటూ మా ఆవిడ చాయ్ ముందు అతనికే ఇచ్చింది. అదీ పిడి విరగని కప్పులో! ఇన్నేళ్ళ కాపురంలో నా నడకను ఒక్కనాడు మెచ్చుకున్న పాపాన పోలేదు.

అంతలో పీర్ల పండుగ సంగతి మాట్లాడటానికి పీర్ల చావిడి చూసుకునే ముజావర్ సాబ్ వచ్చాడు. ఊరేగింపులో పొడుగు కర్రకు నిలబెట్టిన పెద్ద పీరు ఎప్పుడూ నేనే ఎత్తేవాణ్ణి. ఆయన మాత్రం మల్లయ్య వైపు చూశాడు. నా ప్రాణం గిలగిల్లాడింది.

"ఒక్కనితోని కాదు సాబ్," అన్నాడు మల్లయ్య. "నాకు ఎడమ చెయ్యి, గీ అన్నకు కుడి చెయ్యి మంచిగున్నయ్. ఇద్దరం గల్సి ఎత్తుతం."

సరేనన్నాను. కానీ ఊరేగింపులో ఎవరు ముందు నడవాలో ఎవరూ చెప్పలేదు. రేపు మల్లయ్య లేవకముందే, గోడ వదిలేసి ఆ గీత మీద నడిచి చూడాలి...