ఎద్దులు తిరిగే వైపు

నవంబరు 4
డెంకణికోట దారిలో మళ్లీ ఏనుగులు దిగాయి. రాగి కంకి ముదిరింది కదా... చీకట్లో రోడ్డు మీదికి ఎవరూ రావద్దని ఫారెస్టువాళ్లు మైకులో చెప్పి వెళ్లారు. నేను పరుగెత్తేది ఆ చీకట్లోనే. తెల్లారితే బడి బస్సు.
పదో తేదీ హోసూరులో జోనల్ పోటీ. మూడు వేల మీటర్లు. మొదటి ఇద్దరినే కృష్ణగిరికి, జిల్లా పోటీకి, తీసుకుంటారు.

నవంబరు 5
ఇంటి వెనక కళ్లంలో పరుగెత్తాను. రాగి నూర్పిడికని నాయన మొన్ననే పేడతో అలికి పెట్టాడు. చిన్నది. నాలుగు అడుగులకే మలుపు. చిన్నప్పుడు ఎద్దుల వెనక నడిచిన వైపే కాళ్లు తిరిగాయి.
అవ్వ — "అలికిందంతా నీ కాళ్లతోనే పోయె గదమ్మే. ఎద్దుకు మాదిరి నూర్పిడి రాతిగుండు కట్టేదా నీకు?"

నవంబరు 7
పక్క చేను మునెప్ప మామ, రాత్రి కాపలా నుంచి వస్తూ నాయనతో — "ఏమప్పా, ఒంటెద్దు నూర్పిడి బాగుండాదే!"
నాయన నవ్వలేదు. తాడు పేనుతూ ఉన్నాడు.

నవంబరు 8
ఊపిరి బాగుంది.

నవంబరు 10
రెండో స్థానం. కృష్ణగిరికి పోతాను!
కానీ ప్రతి మలుపులో కాళ్లు నన్ను బయటికి తోశాయి. జూజువాడి బడి అమ్మాయి లోపలి గీత పట్టుకుని దాటిపోయింది. తిన్నటి దారిలో నేను అందుకోవడం, మలుపులో తను పోవడం... చివరిదాకా అంతే.
పీటీ మిస్ నీళ్లిస్తూ — "యాడ ప్రాక్టీస్ చేస్తాండావు?"
"కళ్లంలో, మిస్."
"ఏ పక్కకు?"
చేత్తో గీసి చూపించాను. మిస్ తల పట్టుకుంది. తర్వాత నవ్వింది. "ట్రాక్ మీద ఎడం చెయ్యి లోపలికి ఉండాలమ్మా. ఎద్దుల మాదిరి కుడి పక్కకు తిరిగి తిరిగి నీ కాళ్లకు అదే పట్టుకునింది."
కృష్ణగిరిలో మొదట వస్తే రాష్ట్ర పోటీకి. జిల్లా పోటీ డిసెంబరు మొదట్లో.

నవంబరు 12
కళ్లంలో తిరగేసి, ఎడమ పక్కకు పరుగెత్తాను. ఒకే చోట రెండుసార్లు పడ్డాను. మోకాలు చీరుకుపోయింది.
అవ్వ — "ఎద్దు గూడా ఇట్ల తిరగదు."

నవంబరు 17
పడలేదు. ఎడమ భుజం కొంచెం లోపలికి వంచితే చాలు.

నవంబరు 21
రాగి కోత మొదలు. రేపో ఎల్లుండో కళ్లం నిండిపోతుంది. ఏనుగులు పోలేదు. నేనెక్కడ పరుగెత్తేది?
ఊళ్లో అందరూ రాగిని తారు రోడ్డు మీదే పరుస్తారు. బస్సులు, లారీలు తొక్కి గింజ రాల్చిపోతాయి. నాయన ఒప్పుకోడు. "రాళ్లు కలిసిన రాగి మనకొద్దు" — ఏటా అదే మాట.
నేనేమీ అడగలేదు.

నవంబరు 23
రాగి బండి కళ్లం దగ్గర ఆగలేదు. రోడ్డుకు పోయింది.
అవ్వ వెనకే పరుగున — "ఏమప్పా, మతి పోయినాదా? కళ్లం ఈడుండాదే!"
నాయన తిరిగి చూడకుండా — "రోడ్డు మీద బిరీన అయిపోతాది లేమ్మా."
సాయంత్రం దాకా చీపురుతో కంకులు రోడ్డు నడుమకు తోస్తూనే ఉన్నాడు.

నవంబరు 24
కళ్లంలో నేను పడిన చోట మట్టి పోసి గట్టిగా కొట్టి ఉంది.

నవంబరు 29
కొత్త రాగి ముద్ద. అవ్వకు రాయి తగిలింది. "ఏడాదంతా ఇదే తినాల ఇంక!"
"మెల్లగా తినమ్మా, ఏం తొందర" — నాయన. తన నోట్లోంచి ఒక రాయి తీసి గోడ పక్కన పెట్టాడు. మళ్లీ ముద్ద తుంచాడు.
మలుపులు బాగా వస్తున్నాయి.

డిసెంబరు 3, కృష్ణగిరి
నాయన వచ్చాడు. పోటీ చూడడానికి రావడం ఇదే మొదలు. మెట్ల మీద తువ్వాలు పరుచుకుని ట్రాక్ వైపే చూస్తున్నాడు.
"పెద్ద కళ్లమే."
కాసేపటికి — "ఏ పక్కకు తిరగాల?"
చూపించాను. తల ఊపాడు.
జూజువాడి అమ్మాయి వచ్చింది. బర్గూరు వాళ్లకు ముళ్ల బూట్లు ఉన్నాయి. నావి కాన్వాసువి. కాళ్లు తేలికగానే ఉన్నాయి.
మైకులో మా పేర్లు పిలుస్తున్నారు. మొదటి మలుపు ఇక్కడికే కనిపిస్తోంది... ఎడమ చెయ్యి లోపలికి.