నాన్న రాయి మీద నీ పేరు

ప్రియమైన అమ్మకు,

నీ అమ్మాయి నమస్కరించి రాసేది. ఇక్కడ నేను క్షేమం. అక్కడ నువ్వూ, మావయ్యా ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తున్నాను.

అడిగావు కదా, దగ్గు తగ్గింది. గదిలోకి ఎండ బాగానే వస్తుంది. నువ్వు అందరికీ చెబుతున్నట్టు నాది లైబ్రరీ ఉద్యోగం కాదమ్మా. పాత సమాధుల మీది రాతలు చదివి, ఏ కాలంలో మనుషుల్ని ఎలా పూడ్చేవారో మ్యూజియం కోసం రాసిపెడతాను. బ్రష్షుతో నాచు తీస్తాను. అక్షరం కనబడకపోతే పక్కనుంచి టార్చి వేస్తాను. ఇక్కడి సమాధుల్లో అన్నిటికన్నా పాత వరసలో పేర్లే లేవు. దర్జీకి కత్తెర బొమ్మ, వడ్రంగికి రంపం బొమ్మ చెక్కి ఊరుకున్నారు. పేర్లు తర్వాత వచ్చాయి, పొగడ్తలు ఇంకా తర్వాత.

మొన్న ఒక జంట రాయి దగ్గర ఆగిపోయాను. ఎడమవైపు భర్త. కుడివైపు భార్య పేరు, పుట్టిన సంవత్సరం, చిన్న గీత. గీత తర్వాత పోయిన సంవత్సరం లేదు. గోతులు తవ్వే తాతని అడిగాను.

"భర్త పోయినప్పుడే ఇద్దరి పేర్లూ చెక్కించేస్తారమ్మా. ఈవిడేమో తర్వాత కూతురి దగ్గరికి వెళ్లిపోయిందట. అక్కడే పోయింది, అక్కడే పూడ్చారు."

"మరి ఈయన?"

"ఏం చేస్తాడు! బస్సులో సీటుకి రుమాలు వేసినట్టు చోటు పట్టుకుని కూర్చున్నాడు, పాపం."

నవ్వేశాను. గదికి వచ్చాక ఏడుపొచ్చింది.

నాన్న సమాధి రాయి సంగతి ప్రతి ఉత్తరంలోనూ అడుగుతున్నావు. నీ పేరు కూడా పక్కనే చెక్కించి, చివరి సంవత్సరం ఖాళీగా వదలమన్నావు. "ఇంక నాకు మాత్రం ఏముంది, ఆ ఒక్క అంకె తప్ప" అని రాశావు. ఆ వాక్యం చదివిన దగ్గర్నుంచి నాకు పని మీద మనసు నిలవడం లేదు.

ఇంతసేపూ రాయలేకపోయింది ఇదే. నిన్న రాళ్లు చెక్కేవాడికి నేనే ఫోన్ చేశాను. నాన్న పేరు ఒక్కటే, రాయి నడిమధ్యన, పెద్ద అక్షరాలతో చెక్కమన్నాను. "అమ్మగారు వేరేలా చెప్పారే" అన్నాడు. అమ్మతో నేను మాట్లాడతానన్నాను. మాట్లాడే ధైర్యం లేక ఇలా రాస్తున్నాను. ఈపాటికి ఉలి పడి ఉంటుంది. ఇంక పక్కన చోటు ఉండదు.

నీకు కోపం వస్తుంది. రానీ. నేను రోజంతా పోయినవాళ్ల పేర్లు పైకి చదువుతానమ్మా. నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్లు ఈ ఊళ్లో ఒక్కరూ లేరు. వచ్చి ఇక్కడే తిట్టు. గదిలో ఇంకో మంచం పడుతుంది. కొలిచి చూశాను.

ఇట్లు,
నీ మాట వినని
నీ అమ్మాయి