కార్డు మీద రాసిన జబ్బు

విశాఖపట్నం,
బుధవారం.

అమ్మకు, నీ పెద్దకూతురు ఎస్తేరు వందనాలు. నువ్వు, నాన్న, చెల్లి లేయా ఆరోగ్యంగా ఉన్నారని అనుకుంటున్నాను. నీ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? గురజాలలో ఎండలు ముదిరి ఉంటాయి, మిరప కల్లానికి గొడుగు లేకుండా వెళ్ళకు. నేను బాగానే ఉన్నాను, కంగారుపడకు.

ఈ వార్డులో ఫోన్లు తీసేసుకుంటారు, అందుకే ఉత్తరం. చేరి ఇరవై రోజులైంది. మొదటి వారం ఒళ్ళంతా నొప్పులు, వాంతులు. ఇప్పుడవేమీ లేవు. ఏడుపూ లేదు, సంతోషమూ లేదు. సముద్రపు గాలికి ఉతికిన బట్టలు ఒక పట్టాన ఆరవు. పొద్దున ఉప్మా, మధ్యాహ్నం చప్పటి పప్పు పెడతారు, తింటున్నాను. పక్క మంచం పార్వతక్క ఆగకుండా మాట్లాడుతుంది. వింటున్నట్టు తల ఊపుతాను. బాగానే ఉన్నానమ్మా.

నీకు నేనుగా ఎప్పుడూ చెప్పలేదు. నర్సు ఉద్యోగంలో రోగులను ఎత్తీ దించీ నడుం పట్టేస్తే, నొప్పి తగ్గే ఇంజక్షన్ ఒకటి వేసుకున్నాను. నొప్పి పోయినా దాన్ని మానలేకపోయాను. రోగుల కోసం ఉంచిన మందు తీసుకుంటూ దొరికిపోయాను. ఉద్యోగం పోయింది. ఆ రోజు సిగ్గు కూడా వేయలేదు, అదే నాకు వింతగా ఉంది.

మన ఆరోగ్య కార్డు మీద ఇక్కడ వైద్యం ఉచితం. కాకపోతే జబ్బు పేరు ఉన్నదున్నట్టు రాయాలి: 'మత్తుమందుకు బానిస'. చేరిన రోజు నాన్నకు ఫోన్ చేస్తే, "ఏందే ఇది? కడుపునొప్పని రాయించు. మేం తలకాయ ఎత్తుకోని తిరగొద్దా?" అన్నాడు. కార్డులు చూసే అమ్మాయికి ఆ మాట వినపడింది. "కడుపునొప్పని రాస్తే కడుపుకే వైద్యం చేస్తారండీ" అంది. నాకు నవ్వొచ్చింది. ఇక్కడికొచ్చాక నవ్వింది ఆ ఒక్కసారే.

ఇంకో నెల ఉండాలంటున్నారు. కార్డులో పేరున్న ఇంటిమనిషి వచ్చి కాగితం మీద సంతకం పెడితేనే ఆ నెల మంజూరవుతుంది. లేయాకు ఇంకా పద్దెనిమిది నిండలేదు, తన సంతకం చెల్లదు. పోయిన శనివారం నాన్న వచ్చాడు, కమలాపళ్ళు తెచ్చాడు. కాగితం చదివి, పెన్ను మూతపెట్టి జేబులో పెట్టుకున్నాడు. "రైలుకు టైమైద్ది, పోతన్నా" అని లేచాడు. ఆయన మీద కోపం కూడా రాలేదు. వచ్చే సోమవారంలోగా సంతకం పడకపోతే నన్ను పంపించేస్తారు. బయటికి వస్తే మళ్ళీ ఆ మందే వెతుక్కుంటాను. ఆ సంగతి నాకు బాగా తెలుసు.

నాకు టైఫాయిడ్ అని నువ్వు ప్రతి ఆదివారం చర్చిలో ప్రార్థన చేయిస్తున్నావట, నాన్నే చెప్పాడు. అంతమంది మోకరించి నాకు లేని జ్వరం తగ్గించమంటే దేవుడు మాత్రం ఏం చేస్తాడు? ఆయన కూడా ఆ కార్డుల అమ్మాయి అన్నట్టే అంటాడేమో. ఈ ఆదివారం ఆ టైఫాయిడ్ మాట మాన్పించమ్మా. అసలు పేరు నోట రాకపోతే ఊరికే 'మా ఎస్తేరు' అను, చాలు.

ఆ సాయంత్రమే లేయాను తోడు తీసుకుని రైలెక్కు. రెండు నైటీలు, కాస్త గోంగూర పచ్చడి తీసుకురా. పాస్టరుగారికి, అమ్మమ్మకు నా వందనాలు చెప్పు. నాన్నను ఏమీ అనకు.

కాగితంలో నా పేరు కిందే జబ్బు పేరు ఉంటుంది. బైబిలు చదివేటప్పుడు ఒక్కో మాట కింద వేలు పెట్టి చదువుతావే, దాన్నీ అలాగే చదువు. చదివాకే సంతకం పెట్టు.

నీ దీవెన కోరుతూ,
నీ ఎస్తేరు